డ్రాప్ చెయ్యడం వస్తే సగం పోకర్ వచ్చినట్టే

రమ్మీ మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, పెళ్లిళ్లలో చూస్తూనే వచ్చేస్తుంది. పోకర్‌కి మాత్రం కాస్త లెక్క కావాలి.

టెక్సాస్ హోల్డెమ్‌లో మీ చేతికి 2 ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి 5. ఈ ఏడింటిలో మంచివి 5 మీ ఆట. బల్ల మీద 4 తెరిచారు, మీకు ఆటీన్లు 4 కుదిరాయి. ఐదోది పడితే ఫ్లష్, ఆట మీదే అనుకుందాం. కనబడని ముక్కలు 46, వాటిలో ఆటీన్లు 9. అంటే దాదాపు ఐదింట ఒకసారి. ఎదుటివాడు కాసిన 100తో కలిపి మధ్యలో 200 ఉంటే, ఇంకో 100 పెట్టడం దండగ. 600 ఉంటే పెట్టొచ్చు. ఇంతే!

కానీ రమ్మీలో 20 పాయింట్లకి హాయిగా డ్రాప్ కొట్టే మనిషే ఇక్కడ ‘ఇంతదాకా పెట్టాను కదా’ అని కూర్చుంటాడు. పెట్టింది అప్పుడే మీది కాకుండా పోయింది, బాబూ.

2025 చట్టం ఆన్‌లైన్ డబ్బాటల్ని ఆపకముందు, మా టీమ్‌లో ఒకతను యాప్‌లో రెండు నెలల జీతం పోగొట్టాడు. లెక్క రాక కాదు, మా అందరికంటే బాగా వచ్చు. ఇప్పుడు మా గదిలో చింతగింజలతో ఆడుతున్నాం. ఇప్పటికీ అతను డ్రాప్ చెయ్యడు.