తల్లి సొమ్మునకు ఎన్ని సాక్ష్యములు?

బీడీలు చుట్టి బిడ్డలను పెంచిన ఒక తల్లి మరణించి ఏడాది కావచ్చుచున్నను, ఆమె పనిచేసిన కంపెనీ ద్వారా రావలసిన బీమా సొమ్ములో ఒక్క రూపాయియైనను ఆమె కుమారుని చేతికి అందలేదనియు, అందకపోవుటకు కారణము ఆమె పేరు చివరనున్న రెండక్షరములనియు ఈ వారము తెలిసికొన్నది మొదలు నా మనస్సు కుదురుగా లేదు. నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతములలో ఏ వీధిలో అడుగుపెట్టినను, చాటలు ఒడిలో పెట్టుకొని అరుగులమీద కూర్చున్న స్త్రీలు కనబడుదురు గదా. ఈమెయు అట్టి వీధిలో, అట్టి అరుగుమీద, ఇరువది యేండ్లకు పైగా కూర్చున్న మనిషి.

ఆ యువకుడు తెచ్చి చూపిన సంచిలో కాగితములన్నిటికిని అడుగున ఆమె భవిష్యనిధి (పి.ఎఫ్.) పుస్తకమున్నది. అట్ట మెత్తబడి, అంచులు చిరిగి, నేటికిని పొగాకు వాసన వేయుచున్నది. మొదటి పుటలో అతికించిన ఛాయాచిత్రమునందు ఆమెకు ముప్పది యేండ్లకు మించి యుండవు. చిత్రముమీద పడిన కంపెనీ ముద్ర సగము చెంపను కప్పివేసినది. రేకు ముక్క కొలతగా తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారము కట్టి, కొన మడిచి, వేయింటికింత యని లెక్క వ్రాయించుకొన్న ఆ చేతులు సంపాదించిన దానిలో నెలనెలా కొంత మినహాయింపబడి ఆ పుస్తకములో చేరినది. ఆమెకు తెలిసినదంతయు అంతవరకే. ఆ పుస్తకముతో పాటు ఒక జీవిత బీమా కూడ తన పేర నున్నదని ఆమె జీవించియుండగా ఎవరును చెప్పలేదు; మరణించిన తరువాత కుమారునికిని నెలల తరబడి చెప్పలేదు.

1976 ఆగస్టు 1వ తేదీనుండి అమలులోనున్న ఆ పథకమును కార్యాలయములవారు ఇ.డి.ఎల్.ఐ. అందురు. భవిష్యనిధిలో సభ్యుడైన ప్రతి కార్మికునకును అది దానంతట అదియే వర్తించును. కార్మికుడు ప్రత్యేకముగా చెల్లించునది లేదు. వేతనముపై నూటికి అర్ధ రూపాయి చొప్పున యజమానియే చెల్లించును, వేతనము ఎంతయున్నను లెక్కకు 15,000 రూపాయలే గరిష్ఠ పరిమితి గనుక అది నెలకు 75 రూపాయలకు మించదు. సభ్యుడు పనిలో నుండగా మరణించినచో, కడపటి పండ్రెండు నెలల సగటు వేతనమునకు 35 రెట్లును, భవిష్యనిధి సగటు నిలువలో సగము 1,75,000 రూపాయలకు మించకుండను కలిపి కుటుంబమునకు చెల్లింపవలెను. 2021 నుండి దీని గరిష్ఠము 7 లక్షలు. ఏడాదిపాటు ఎడతెగక పనిచేసియున్నచో కనిష్ఠము రెండున్నర లక్షలు. నెలకు మూడువేలు మాత్రమే వేతనముగా లెక్కకెక్కిన బీడీ కార్మికురాలికి 35 రెట్లన్నను లక్షా అయిదు వేలే యగును. కనుక ఆ రెండున్నర లక్షల కనిష్ఠ నియమము ఎవరికోసమో పుట్టినది కాదు, ఇట్టి స్త్రీల బిడ్డలకోసమే పుట్టినది. వారికే అది చేరకున్నది.

చేరకపోయిన తీరు వినుడు. భవిష్యనిధి, పింఛను, బీమా ఈ మూడింటికిని కలిపి 2017లో ఒకే దరఖాస్తు ఏర్పరచినను, ఈ పిల్లవానికి ఎవరో చేతిలో పెట్టినది పాత ఫారం 20 మాత్రమే. బీమాకు అడుగవలసిన 5 ఐ.ఎఫ్. సంగతి అతనికి నెలలు గడచిన పిమ్మట ఒక సంఘము కార్యకర్త చెప్పగా తెలిసినది. ఆమె నామినీగా వ్రాయించినది భర్తను. ఆయన ఆమెకంటె ముందే గతించినాడు. ఇక వారసులమని కుమారుడును, పెండ్లియై భీవండిలో కాపురమున్న కుమార్తెయు నిరూపించుకొనవలెను. అందులకు తహశీలుదారునుండి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రము కావలెను. మీసేవలో అర్జీ పెట్టగా, విచారణ జరిగి, పత్రము వచ్చినది. అందులో తల్లి పేరు ఆధారులో నున్నట్లు వ్రాసినారు. భవిష్యనిధి పుస్తకములో మాత్రము ఆ పేరు చివర ‘అవ్వ’ యున్నది. రెండు పేర్లు సరిపోలలేదని దరఖాస్తు తిరిగివచ్చినది. సరిచేయుటకు ఉమ్మడి ప్రకటన కావలెనట. దానిపై కంపెనీ సంతకముండవలెనట. ఆ ఊరి కంపెనీ బ్రాంచి ఆమె మరణానంతరము మూతపడినది. యజమాని సంతకము దొరకని సందర్భమున గజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతోనే దరఖాస్తు ఈయవచ్చునన్న వెసులుబాటు ఆ 5 ఐ.ఎఫ్. ఫారములోనే యున్నను, కిటికీ వద్ద కూర్చున్నవారు ఆ మాట చెప్పక, కంపెనీవారిని వెదకి తెమ్మని పంపినారు.

పేర్ల విషయమున నేను పూర్వమును ఈ శీర్షికలో వ్రాసితిని, మరల వ్రాయుదును, ఈ అన్యాయము తీరువరకు వ్రాయుచునే యుందును. తెలుగువారికి ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. ఫారము చేసినవారు మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అని మూడు గళ్లు గీసి, లోకములోని మనుష్యులందరును ఆ గళ్లలో ఇముడవలెనని శాసించిరి. ఇంటిపేరును ఒకడు పొడి అక్షరముగా కుదించును, ఒకడు నిండుగా వ్రాయును, ఒకడు తీసికొనిపోయి చివర అతికించును. స్త్రీల గతి మరింత కష్టము: పెండ్లికి ముందు పుస్తకమెక్కిన పేరునకు పుట్టినింటి ఇంటిపేరు, పెండ్లి తరువాత వచ్చిన ఆధారునకు అత్తవారింటిది. లక్ష్మి యన్న పేరునే తీసికొనుడు. బడి రిజిస్టరులో లక్ష్మి, చీట్ల పుస్తకములో లక్ష్మమ్మ, ఊరందరి నోట లచ్చవ్వ. ఆంగ్లములో ఒకడు ‘ఎక్స్’ పెట్టి వ్రాయును, మరియొకడు ‘కె.ఎస్.హెచ్.’ పెట్టి వ్రాయును. కంపెనీ గుమాస్తా ఆనాడు ఆమెను అడిగి వ్రాసినాడా, వినబడినట్లు వ్రాసినాడా? ఆమె వ్రేలిముద్ర వేసినది గాని, వ్రాసినదేమో చదువుకొనలేదు. ఆ గుమాస్తా వ్రాతకు ఆమె బిడ్డలు ఇప్పుడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది.

ఇది ఒక్క ఇంటి కథయైనచో ఇంత వ్రాయకపోదును. 2022-23లో భవిష్యనిధి తుది పరిష్కారమునకై దేశమున వచ్చిన 73.87 లక్షల దరఖాస్తులలో 24.93 లక్షలు తిరస్కరింపబడినవి. అనగా మూడింట ఒకటి. తమ కష్టార్జితమునకై వచ్చిన మూడవవంతు ప్రజలు అబద్ధమాడుచున్నారని ఎవరైనను నమ్ముదురా? ఈ తిరస్కారములకు పేరు, పుట్టినతేదీ, తండ్రి పేరు సరిపోలకపోవుటయే మూలమని నా దృఢవిశ్వాసము. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. ఇన్ని కోట్లమంది పేర్లు ఏ క్రమమున నుండునో తెలిసికొని, వారి లిపిలోనే ఆ పేరు నమోదు చేసి, ఆంగ్లాక్షరముల తేడా ఎంతయున్నను తెలుగు పేరు ఒకటియే యైనచో మనిషి ఒకరే యని ఒప్పుకొను ఏర్పాటు చేయుట అసాధ్యమా? తెలుగును అధికార భాషగా చేయుచు మనము శాసనము చేసికొన్నది 1966లో. రాష్ట్ర కార్యాలయములలోనే అది ఎంతవరకు నడచుచున్నదో చూచుచునే యున్నాము. కేంద్ర కార్యాలయముల కిటికీ వద్ద మన పల్లెటూరి మనిషికి తన భాషలో ఒక ఫారమైనను దొరుకునా?

ఈ పథకములోనే ఒక మంచి నియమమున్నది. గడువులోగా సొమ్ము చెల్లింపనిచో ఏటికి నూటికి 12 రూపాయల వడ్డీ పడును. తగిన కారణము లేని ఆలస్యమైనచో దానిని సంబంధిత కమిషనరు జీతమునుండియే రాబట్టవచ్చును. ఇంత కఠిన నియమముండగా ఆలస్యములెట్లు జరుగుచున్నవి? దరఖాస్తు అన్ని విధముల సంపూర్ణముగా అందిన దినమునుండియే గడువు లెక్కకు వచ్చును. అందుచేత ఆక్షేపణ వ్రాసి త్రిప్పిపంపిన ప్రతిసారియు గడువు మరల మొదటికి వచ్చును. వడ్డీ యన్నది పుట్టనే పుట్టదు. లోపములన్నియు ఒకేసారి చెప్పవలెనని కట్టడి చేసి, రెండవమారు త్రిప్పిపంపిన దినమునుండి వడ్డీ లెక్కించినచో, ఇట్టి కాగితములు చాలవరకు బల్లమీద ఆగవని నా నమ్మకము.

అసలు వెదకవలసినవారు ఇచ్చువారు గాని పుచ్చుకొనువారు కారు. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెనని 1969 నాటి శాసనము చెప్పుచున్నది; పంచాయతీ కార్యదర్శి నమోదు చేయుచునే యున్నాడు. ఆకు, పొగాకు తీసికొనిపోవుటకు ఆమె రాలేదన్న సంగతి కంపెనీకి ఆ వారమే తెలియును. భవిష్యనిధి ఖాతాలో జమ ఆగిపోయినదని కార్యాలయమునకు మరుసటి నెలలోనే తెలియును. ఇందరికి తెలిసినను ఒక్కరైనను ఆ ఇంటికి ఉత్తరము వ్రాయలేదు. నెలనెలా యజమానివద్ద బీమా రుసుము తప్పక వసూలు చేయగలిగిన యంత్రాంగమునకు, ఆ బీమా ఎవరి పేర నున్నదో వారి ఇంటి తలుపు తట్టుట చేతకాదన్నచో నేను ఒప్పుకొనను.

ఈ పల్లెల సంగతి వచ్చినది గనుక మరియొకటి చెప్పక తీరదు. అరుగుమీద భార్య బీడీలు చుట్టుచుండగా, భర్త దుబాయిలోనో, మస్కటులోనో కట్టడపు పనిలో నుండుట ఇక్కడ సర్వసాధారణము. అట్లు ఎమిగ్రేషన్ అనుమతితో పోవు కార్మికునకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు రుసుము 275 రూపాయలు, ప్రమాదవశమున మరణించినచో కుటుంబమునకు 10 లక్షలు. కాని ఆ పాలసీ కాగితము ఏజెంటు సంచిలో నుండును, లేదా ఆ కార్మికుని ఫోనులో నుండి అతనితోనే సముద్రము దాటిపోవును. ఇంటిలోని స్త్రీకి దాని నంబరు తెలియదు, పేరు తెలియదు. ఎండలో పనిచేసి వచ్చి రాత్రి నిద్రలో గుండె ఆగి మరణించిన వానికైతే, అది ప్రమాదము కాదు గనుక, ఆ పది లక్షలు రానే రావు. యాబది డిగ్రీల ఎండకు చేరువగా దినమంతయు నిలిచిన మనిషి గుండె ఆగుట సహజ మరణమెట్లగునో నాకు బోధపడదు. ఆ బీమాను సకల మరణములకును విస్తరింపవలెను. విమానమెక్కుటకు ముందే పాలసీ ప్రతి యొకటి తెలుగులో అచ్చువేయించి, భార్య చేతికో తల్లి చేతికో ఇచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొననిదే అనుమతి ఈయరాదు. దీనికి క్రొత్త చట్టమక్కరలేదు. ఢిల్లీలో ఒక అధికారి వ్రాయు ఉత్తరువు చాలును.

ఆ యువకుడు వచ్చే సోమవారము గజిటెడ్ అధికారి సంతకము కొరకు మండల కేంద్రమునకు పోవుచున్నాడు. అతనితో నేనును పోవుచున్నాను.