నీళ్ళు దాచే కొండలు

పిల్లలూ! రెండు చెంబుల నీళ్ళు తీసుకుని, ఒకటి గట్టినేల మీదా, మరొకటి ఆకులు కుళ్ళి మెత్తబడిన మట్టి మీదా పోసి చూడండి. మొదటి చెంబు నీళ్ళు చప్పున పారిపోతాయి. రెండో చెంబు నీళ్ళు మెల్లగా ఇంకుతాయి. ఈ చిన్న విషయం మీదనే ఒక మహానగరం బతుకుతున్నది!

ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో అబర్‌డేర్ అనే కొండలున్నాయి. అక్కడి కికూయు ప్రజలు వాటిని న్యాండారువా అంటారు. ఆరవేసిన తోలు అని దాని అర్థం.

ఈ కొండలు నిప్పులో పుట్టాయి. లక్షలాది సంవత్సరాల కిందట అక్కడి భూమి పగిలి, లోపలి లావా పైకి ఉబికింది. అది పొర మీద పొరగా చల్లారి కొండ అయింది. పక్కనున్న నేల కుంగి పెద్ద పగులు లోయ ఏర్పడింది. అందుకే ఈ కొండలు పడమట గోడలాగా నిటారుగానూ, తూర్పున ఏటవాలుగానూ ఉంటాయి. అన్నిటికన్న ఎత్తైన శిఖరం సుమారు 4,000 మీటర్లు.

హిందూమహాసముద్రం మీదినుంచి వచ్చే తేమగాలులు తూర్పువాలును తాకి వాన కురిపిస్తాయి. కింద మహావృక్షాల అడవి, దానిపైన వెదురు, ఇంకా పైన గడ్డి మైదానాలు. అక్కడి లొబీలియా మొక్కలు మనిషిని మించి పెరుగుతాయి. రాత్రి చలికి అవి ఆకులు ముడుచుకుని, లోపలి మొగ్గకు దుప్పటి కప్పుతాయి!

పడిన వానను అడవినేల పీల్చుకుని, కొంచెం కొంచెంగా ఏళ్ళలోకి వదులుతుంది. రాజధాని నైరోబీ తాగే నీటిలో ఎక్కువ భాగం ఈ కొండలదే.

ఈ కొండల పాదాన 1940లో వంగారి మాతాయ్ పుట్టింది. వాళ్ళ ఇంటి దగ్గర మేడిజాతి చెట్టు ఒకటి, దాని పక్కనే ఒక నీటి ఊట ఉండేవి. అది దేవుడి చెట్టు, దాని పుల్లలు ఏరవద్దని తల్లి చెప్పేది. ఆ చెట్టు వేళ్ళు రాతిని చీల్చుకుని అడుగునున్న నీటిని అందుకుంటాయనీ, ఆ దారినే నీరు పైకి ఊరుతుందనీ ఆమె పెద్దయినాక తెలుసుకున్నది. కాని అప్పటికే చెట్టును కొట్టేశారు. ఊట ఎండిపోయింది.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. 1977లో పల్లెటూరి స్త్రీలను కూడగట్టి మొక్కలు నాటించటం మొదలుపెట్టింది. అవి కోట్లయినాయి. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

మొక్కలు నాటితే శాంతి బహుమతి ఎందుకిచ్చారంటారా? ఊట ఎండిన ఊళ్ళో బిందెల కోసం జరిగే పోట్లాటలు చూసినవారిని అడగండి, చెబుతారు.