ఈ రోజేం చేశావని అడిగామా?

మా వంటింట్లో రెండు గడియారాలున్నాయి. ఒకటి మా ఆలూరు టైముది, రెండోది మా అక్క కూతురు చదువుకునే టెక్సాస్ టైముది. "ఆ మాత్రం లెక్క నోటితో వేసుకోలేవా?" అని మా ఆయన నవ్వుతారు. వేసుకోవచ్చు. చలికాలంలో వాళ్లు మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. మార్చిలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి అక్కడి నుంచి నవంబరు దాకా పదిన్నర. కానీ రాత్రి జొన్నరొట్టె తడుతూ తలెత్తి చూసినప్పుడు, ఆ పిల్ల ఇప్పుడు బస్సు కోసం నిలబడి ఉంటుందని లెక్క లేకుండానే తెలియాలని నా ఆశ.

ఆ బస్సు సంగతి నాకు తెలిసి మూడు నెలలే అయింది. పిల్ల పోయి ఏడాది దాటింది.

ఇన్నాళ్లూ మేం అడిగిన ప్రశ్నలు మీరూ అడిగే ఉంటారు. తిన్నావా? చలి ఎక్కువా? చదువు ఎప్పుడైపోతుంది? ఉద్యోగం వస్తుందా? ఆ పిల్ల జవాబులూ మీకు తెలిసినవే. తిన్నా, బాగున్నా, చూస్తున్నా, వస్తుందిలే. ఐదు నిమిషాల్లో ఫోను అయిపోయేది. పెట్టేశాక మా అక్క, "బాగుందంట" అని వీధంతా చెప్పుకునేది.

ఒకరోజు నేనే అడిగాను, "పోయిన మంగళవారం పొద్దున లేచినప్పటి నుంచి పండుకునేదాకా ఏమేం చేసినావో వరుసగా చెప్పవే" అని. "కథ రాస్తావా చిన్నమ్మా?" అని నవ్వింది. తర్వాత చెప్పింది. ఒక్కరోజు చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

నలుగురు ఆడపిల్లలు, రెండు గదులు, ఒక స్నానాలగది. ఆరున్నరకు లేవకపోతే వంతు పోతుంది. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుంటుంది. బస్సు అరగంటకొకటి. తప్పిపోతే నడవాలి, ఆ రోడ్డు కార్ల కోసం వేసిందే కానీ మనుషులు నడవడానికి కాదంట. పదకొండు నుంచి మూడు దాకా యూనివర్సిటీ భోజనశాలలో పని. విద్యార్థి వీసా మీద పోయినవాళ్లు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ కాలేజీ ఆవరణలోనే, పని చేసుకోవచ్చు. అక్కడ మా పిల్ల చేసే పని టేబుళ్లు తుడవడం, పళ్లేల్లో మిగిలింది చెత్తలోకి తోయడం. "ఎంత తిండి పారేస్తారో చిన్నమ్మా, మొదటి వారం నాకు చేయి రాలేదు" అంది. వాన కోసం మొగులు చూసే సీమలో పుట్టిన పిల్ల, చేయి ఎట్లా వస్తుంది?

మూడు నుంచి లైబ్రరీ. క్లాసు సాయంత్రం ఐదున్నరకు మొదలై ఎనిమిది దాటాక వదులుతుంది. ఇంటికొచ్చి అన్నం కుక్కర్‌లో పడేసి, కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఇచ్చిన హోంవర్కు రాత్రి పదకొండూ యాభై తొమ్మిదికల్లా పంపాలి. పన్నెండైతే ఆ తలుపు మూసుకుంటుంది. ఆ మధ్యలోనే మా అక్కకు ఫోను. అర్ధరాత్రి దాటాక ఉద్యోగాలకు అర్జీలు. పండుకునేసరికి ఒకటిన్నర.

అంతా చెప్పి, "టేబుళ్లు తుడుస్తానని అమ్మకు చెప్పొద్దు" అంది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అక్కది ఆదోని. బావ పత్తి మార్కెట్‌లో గుమాస్తా. ఇల్లు హామీగా పెట్టి చదువుకు అప్పు తెచ్చారు. వడ్డీకి చాలక రెండు నెలల కిందట అక్క తన గాజులు బ్యాంకులో కుదువ పెట్టి, "పిల్లకు చెప్పొద్దు" అని నాతో ఒట్టు వేయించుకుంది. అంటే తల్లి గుట్టు కూతురికి తెలియకుండా, కూతురి గుట్టు తల్లికి తెలియకుండా మధ్యలో నేనొక ఇనుప్పెట్టె!

మా పడమటి కర్నూలు మనుషులకు ఊరు విడిచి పోవడం కొత్తేం కాదు. పంట చేతికి రాని ఏడు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటాం. మా ఇంట్లో పనికొచ్చే ఆమె ఏటా పోయొస్తుంది. తిరిగొచ్చిన రోజే అరుగు మీద కూర్చుని అన్నీ చెబుతుంది. రోజుకెన్ని కిలోలు కోసింది, చేతులు ఎట్లా మండినాయి, గుడిసెలో ఎట్లా పండుకున్నారు, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు. ఆ చెప్పడంలో సిగ్గు లేదు. డిగ్రీలు చదివిన మన ఇళ్లకే ఈ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో చదవడానికి బోస్టన్ చేరారు. డబ్బులు చాలక ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు. ఆ చేతులతోనే తర్వాత బోదకాలుకూ క్యాన్సరుకూ వాడే మందుల పరిశోధన నడిపించారు. ఆ సంగతి మనం గొప్పగానే చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన 1948లో అక్కడే కన్నుమూసేదాకా ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఆయన పోయాక ఇక్కడ పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. భార్య శేషగిరిగారు ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయన రోజు ఎట్లా గడిచిందో పుస్తకాలకెక్కింది. ఆమె రోజు ఎట్లా గడిచిందో అడిగినవాళ్లు ఎందరు?

అడగకపోతే నష్టం మనసుకు మాత్రమే కాదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అనేది బూటకమనీ, అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే దాన్ని పెట్టారనీ బయటపడింది. దాదాపు 600 మంది చేరారు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. పాఠం లేదు, పంతులు లేడు. తెలిసే చేరారని ప్రభుత్వం, వల వేసి పట్టారని పిల్లల తరఫువాళ్లు. ఆ తగువు తీర్చడం నా వల్ల కాదు. కానీ ఆ ఇళ్లలో ఏ తల్లైనా "ఈ రోజు ఏ పాఠం చెప్పినారు నాయనా?" అని వారానికోసారి అడిగి ఉంటే, ఆ పిల్లవాడు ఎన్ని వారాలు దాటేసేవాడు? 2023-24లో అమెరికాలో చదివిన మన దేశం పిల్లలు 3,31,602 మంది. అన్ని ఇళ్లలోనూ "బాగున్నా" ఒక్కటే వినబడితే ఎట్లా?

మగపిల్లల తల్లులతో ఒక్కమాట, కోపం తెచ్చుకోకండి. మా వీధి చివరింటి అబ్బాయి మిస్సోరీ నుంచి సెలవుకు వచ్చాడు. పలకరించడానికి పోయాను. ఉగ్గాని, బజ్జీలు తిని ప్లేటు అక్కడే వదిలేసి ఫోను చూసుకుంటున్నాడు. వాళ్లమ్మ వంగి తీసింది. ఊరుకోలేక, "అక్కడ గిన్నెలు ఎవరు కడుగుతారు బాబూ?" అన్నాను. "వంతులు ఆంటీ, ఐదుగురం. బాత్రూం కూడా మేమే" అన్నాడు ఉత్సాహంగా. "మా ఇంట్లో మాత్రం నా బిడ్డ ఆ పని చేయడు" అంది ఆమె నా వైపు గుర్రుగా చూసి. టెక్సాస్‌లో, మిస్సోరీలో చేయగలిగిన పని ఆలూరులో ఎందుకు చేయలేడో నాకింతవరకు అర్థం కాలేదు. ఆమె మాత్రం మరుసటి రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

పోయిన ఆదివారం ఆదోని పోయాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. "తిన్నావా?" అని అక్క మొదలుపెట్టబోతుంటే, ఈరోజేం చేసిందో అడగమని సైగ చేశాను. నా ముఖం వింతగా చూసి, అడిగింది. అటువైపు కాసేపు మాట లేదు.

"టేబుళ్లు తుడిచినానమ్మా" అంది పిల్ల.

నేను ఊపిరి బిగబట్టాను. అక్క కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. తుడుచుకోలేదు. "చేతులకు తొడుగులు ఇస్తారా? ఆ సబ్బుకు చర్మం పగులుతుంది. కొబ్బరినూనె రాసుకో" అంది. ఎన్ని టేబుళ్లు, నిలబడే చేయాలా, తోడు ఎవరైనా ఉంటారా అని వరుసగా అడిగింది. పిల్ల అన్నింటికీ చెప్పింది. మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దామె తనతో పాటు పని చేస్తుందనీ, రోజూ "తిన్నావా?" అని అడిగేది ఆమేననీ కూడా చెప్పింది.

చివర్లో, "నువ్వేం చేసినావమ్మా ఈరోజు?" అని అడిగింది.

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"నీళ్లు వచ్చినాయి, పట్టినా. చింతపండు గింజలు తీసినా." కాసేపాగి, "గాజులు బ్యాంకులో పెట్టినానే, రెండు నెలలైంది" అంది.

"ఎంత వడ్డీకి?" అని అడిగింది పిల్ల.

ఇద్దరూ కలిసి లెక్క వేశారు. ఫోను గంటకు పైనే నడిచింది. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.