సినిమావారిని ప్రశ్నింపబోయితిని

సోదరీమణులారా! కిందటి మాసము ఈ పుటలలో చింతకాయపచ్చడికి ఉప్పు పాలెంతయో వ్రాసిన చేయియే ఈ మాసము సినిమా తారలను గూర్చి వ్రాయుచున్నదని విస్తుపోవలదు. ఇందు నా తప్పు సగమే. తక్కిన సగము సంపాదకులది. నరసరావుపేటలో సంక్రాంతికి ఒక క్రొత్త చిత్రము విడుదల కానున్నదనియు, తొలి ఆటకు నటీనటులు స్వయముగా రానున్నారనియు, దగ్గరనున్నదానను గనుక పోయి నాలుగు ప్రశ్నలు వేసి రావలెననియు వారు వ్రాసిరి. కారెంపూడి ప్రాంతమువారికి నరసరావుపేట దగ్గరయే. సినిమావారు మాత్రము దగ్గరవారు కారు. బుద్ధి యెరిగిన నాటినుండి ఒక్క నటుని ముఖమైనను తెరమీద తప్ప నేను చూచి యెరుగను.

ఉత్తరము చదివి మా వారు నవ్విరి. ఏండ్ల తరబడి పిల్లలకు ప్రశ్నపత్రములు కూర్చుచున్నవారు గనుక, "సమాధానం ముందే తెలిసి అడిగేది ప్రశ్న కాదు, పరీక్ష. వాళ్ళకు పరీక్ష పెట్టి రాకు" అని మాత్రము హెచ్చరించిరి. మా అత్తగారు మొదట "సినిమావాళ్ళతో మనకేం పనమ్మా" అని గొణిగిరి గాని, రాత్రి భోజనముల వేళ తామే మరల ఆ మాట తెచ్చి, "పోతే పొయ్యావు గానీ, ఆ పిల్లలు అంతంత ఏడుపులు ఏడుస్తారు గదా, కళ్ళ కాటుక ఎందుకు చెదరదో కనుక్కురా" అనిరి. నేను దానిని ప్రశ్నగా నెంచలేదు. పెద్దవారి మాట త్రోసివేయలేక పుస్తకము చివర పెన్సిలుతో వ్రాసికొంటిని.

నేను కూర్చుకొన్న ప్రశ్నలు వేరు. మా నాయనగారు ఇంటియందే నాకు భారతమును, శ్రీనాథుని చదివించిరి. ఆ చదువునంతను ఒక్క పూటలో ప్రదర్శింపవలెనని నాకు లోలోపల నుండెనని ఇప్పుడు ఒప్పుకొనుటకు సిగ్గుపడను. ముఖ్యమైన ప్రశ్న నాయకురాలు నాగమ్మను గూర్చినది. పలనాటి ఆడుదానను గదా, మరి దేనిని గూర్చి అడుగుదును?

మా ప్రాంతమున ఆ కథ పుస్తకముకంటె ముందు చెవికి తగులును. కార్తిక అమావాస్యతో మొదలై అయిదు దినములు కారెంపూడిలో వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక పేరు. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించిరి. ఎక్కడ విన్నను, ఎక్కడ చదివినను, 12వ శతాబ్దమున గురజాల కొలువున మంత్రిత్వము నెరపిన ఆ స్త్రీకి కథలో దక్కినది దుష్టపాత్రయే. కోడిపోరు ఆమె పన్నినది, మాచెర్లవారి వనవాసము ఆమె పన్నినది, కడకు కారెంపూడి రణమున పారిన నెత్తురును ఆమె లెక్కలోనిదే.

అయినను సినిమావారు ఆ వేషమును ఎవరికిబడితే వారికి ఈయలేదు. గూడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభించి, 1946లో వారు గతించిన పిమ్మట ఎల్.వి. ప్రసాదుగారు ముగించిన "పల్నాటి యుద్ధము" 1947లో వచ్చెను. అందు నాగమ్మ కన్నాంబగారు. గుత్తా రామినీడుగారు అదే పేరుతో 1966లో తీసినప్పుడు నాగమ్మ భానుమతిగారు, ఎదుట బ్రహ్మనాయుడుగా ఎన్.టి. రామారావుగారు. (అత్తగారి కథలు వ్రాసిన భానుమతిగారే ఈమె. మా అత్తగారికి ఆ కథలన్నచో ప్రాణము, అందులోని అత్తగారు తమవంటివారు కారని వారి నమ్మకము.) నాగమ్మ పక్షమునుండి కథ చెప్పుచు చిత్రము తీయుదురా అని దర్శకుని అడుగవలెనని నా సంకల్పము. సమాధానము వినకమునుపే ఆ ప్రశ్నకు మురిసిపోయితిని.

హాలు ముందటికి చేరునప్పటికి కోటప్పకొండ తిరునాళ్ళు జ్ఞప్తికి వచ్చినవి. ప్రభలంత యెత్తున కథానాయకుని బొమ్మలు, వాటికి పూలదండలు, క్రింద డప్పులు. గుమ్మమువద్ద సెల్‌ఫోనులు పట్టుకొని పదునైదుగురు కుఱ్ఱవాండ్రు. వీరే నేటి విలేఖరులట. నా చేతి పుస్తకమును, కలమును చూచి ఒకడు "ఆంటీ, ఫోనెక్కడ?" అనెను. "ఫోను సంచిలో ఉన్నది నాయనా, ఇందులో వ్రాసుకుంటాను" అంటిని. వాడు నవ్వెను గాని చెడ్డవాడు కాడు. తరువాత నన్ను ముందుకు త్రోసి "ఆంటీని అడగనియ్యండ్రా" అని కేక వేసినవాడును వాడే.

దర్శకులు వచ్చిరి. నేను గొంతు సవరించుకొని శ్రీనాథునితో మొదలుపెట్టితిని. నాగమ్మ పేరు చెప్పునప్పటికి ఆయన చూపు నా తలమీదుగా ఎవరినో వెదకుచుండెను. "మంచి ప్రశ్నండీ. మా సినిమా మాత్రం ఫ్యామిలీ అంతా కలిసి చూసే సినిమా" అని చెప్పి సాగిపోయిరి. నా ప్రశ్నకు పట్టిన కాలములో నాలుగవ వంతైనను సమాధానమునకు పట్టలేదు. మా వారి మాట అప్పుడు చెవిలో మ్రోగెను.

కథానాయకుని వద్దకు నేను పోనేలేదు. తోపులాటలో పోజాలనైతిని.

కథానాయిక ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల పిల్ల. తెలుగు నేర్చుకొనుచున్నదట. ముద్దముద్దగా మాటాడుచున్నది. కుఱ్ఱవాండ్రు ఆమెను అడిగినవి మూడే ప్రశ్నలు. పెండ్లి ఎప్పుడు, ఎట్టి వరుడు కావలెను, వంట వచ్చునా. ఆ కథానాయకుని వంట వచ్చునా యని ఒక్కడును అడిగిన జాడ లేదు. ఇంతకు నా పుస్తకములోను ఇరుగుపొరుగువారు వ్రాయించిన ఆ వంట ప్రశ్న ఉన్నది. దానిని అక్కడనే కొట్టివేసితిని. మిగిలినది అత్తగారి కాటుక. నాకు వేరు దారి లేక దానినే అడిగితిని.

ఆ పిల్ల నావంక చూచి ఫక్కున నవ్వెను. అంతవరకు ఒక్కమారైనను అట్లు నవ్వలేదు. తరువాత చేతులు త్రిప్పుచు చెప్పసాగెను. కాటుక నీటికి చెదరని రకమట, ఏడ్పు కొఱకు గ్లిజరిను వాడుదురట. "నిజంగా ఏడవొద్దు అంటారు. నిజంగా ఏడిస్తే నా ముక్కు ఎర్రగా అవుతుంది. మళ్ళీ మేకప్ వెయ్యాలి, లైట్లన్నీ ఆగాలి" అని చెప్పెను. ఒకనాడు మాత్రము గ్లిజరిను లేకయే ఏడ్పు వచ్చి ఆగలేదట. తమ్ముని జ్వరము సంగతి ఫోనులో విని వచ్చిన దినమది. ఆ దినము తీసినది చిత్రములో ఉన్నదా యని అడిగితిని. "ఉంది. ముక్కు చూడండి, తెలుస్తుంది" అని చెప్పి, ఎవరో పిలువగా వెడలిపోయెను.

నేను ఉక్కకు తాళలేక మెట్లచెంతకు వచ్చితిని. అక్కడ కుర్చీలో నేరేడుపండు రంగు చీర కట్టిన పెద్దావిడ ఒకరు నీళ్ళ సీసా ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. "మీ మనుమలు లోపలికి పోయినారా అమ్మా?" అని పలుకరించితిని.

"నేనూ ఈ సినిమాలో ఉన్నానమ్మాయ్. హీరోయిన్‌కి నాయనమ్మని. రెండు చోట్ల కనపడతాను" అనిరి.

సోదరీమణులారా, భూమి చీలినచో అప్పుడే దిగిపోయెడిదానను! తారలను ప్రశ్నింప వచ్చిన నాకు ఎదుటనున్న నటి కానరాలేదు. ఆమె మాత్రము కోపగింపక, ప్రక్క కుర్చీమీది సంచి తీసి క్రింద పెట్టి, "ఏ ఊరమ్మా మీది?" అనిరి. కారెంపూడి పేరు వినగానే నిటారుగా కూర్చుండిరి. "మీ వైపు నాగమ్మ వేషం కట్టానమ్మా, పద్యనాటకంలో" అనిరి.

నేను పుస్తకము తెఱచితిని. ఇక అడుగవలసిన పనియే లేకపోయెను. ఆ దినములలో లారీలో తెరలు, హార్మోనియము వేసికొని ఊరూరు తిరిగెడివారట. ఆటకు, ఆటకు నడుమ బిడ్డకు పాలిచ్చుటకు తెరవెనుక చీరతో ఉయ్యాల కట్టెడివారట. ఒక ఊర కోడిపోరు ఘట్టమునకు నిజమైన పుంజును తెచ్చిరట. అది పందెము మాట మఱచి జనములోనికి ఎగిరిపోగా, బ్రహ్మనాయుని వేషగాడు కిరీటముతోనే దాని వెంట పడెనట. తెల్లవారి రంగు కడుగుకొనుచుండగా ఆ ఊరి ముసలమ్మలు నలుగురు తిట్టిపోయవలెనని వచ్చిరట. ఈమె ముఖము చూచి, "ఓసి, ఇంత చిన్నపిల్లవా" అని ఒకామె ఇంటికి పోయి జొన్నరొట్టె, మజ్జిగ తెచ్చి యిచ్చెనట.

"చెడ్డదాని వేషం కడుతున్నామని మీకెప్పుడూ అనిపించలేదా?" అంటిని.

"చెడ్డదనుకుంటే పద్యం నోట్లోంచి రాదమ్మా. గురజాల ఆమె ఇల్లు అనుకున్నాను. ఇల్లు పోతుందంటే ఆడది ఊరుకుంటుందా? అంతే అనుకుని కట్టాను."

తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చినప్పుడు లీలావతి వేషము కట్టిన సురభి కమలాబాయిగారు నాటకములవారే. కన్నాంబగారును రంగస్థలమునుండి వచ్చినవారే. పద్యము పాడి, రాత్రులు మేలుకొని, నేర్చిన విద్య అది. ఆ విద్య గల మనిషి హాలు మెట్లచెంత కూర్చుండగా పదునైదు ఫోనులలో ఒక్కటియు అటు తిరుగలేదు. నా పుస్తకము మాత్రము ముందే తిరిగెనా?

మాటల నడుమ ఆమె తమ బ్రతుకుతెరువును గూర్చి వేరొక సంగతి చెప్పిరి. చెప్పిన వెంటనే నా చేయి పట్టుకొని "అది రాయకమ్మా, రేపు పని పిలవరు" అనిరి. వ్రాసిన రెండు పంక్తులను ఆమె ఎదుటనే నల్లగా కొట్టివేసితిని. సంపాదకులు తరువాత ఆ కొట్టివేతలో ఏమున్నదని అడిగిరి. వారికిని చెప్పలేదు. మీరును ఉత్తరములు వ్రాసి అడుగవలదు.

తరువాత చిత్రము చూచితిని. ఈలలలో మాటలు సగమే వినబడినవి. కథానాయిక ఏడ్చిన ఘట్టములలో ఒక్కదాన ముక్కు నిజముగానే ఎఱ్ఱగా నుండెను. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగా మా అత్తగారు "అందుకా, మిగతా ఏడుపులకు నాకు ఏడుపు రానిది" అని తృప్తిపడిరి. నాయనమ్మగారు మాత్రము ఒక్క చోటనే కనపడిరి. రెండవ చోటు కొఱకు చివరివరకు కాచుకొని కూర్చుంటిని.

అచ్చునకు పంపకమునుపు తమకు చదివి వినిపింపుమని ఆమె ఫోను సంఖ్య ఇచ్చియుండిరి. మొన్న మంగళవారము పనులు తీరిన పిమ్మట చదివి వినిపించితిని. పుంజు కథకు నవ్విరి. అంతయు విని, "రెండో చోటు చూశావా? మనవరాలి చెయ్యి పట్టుకుని కూర్చునేది" అనిరి.

చూచితినని చెప్పుటకు నాలుక కొనవరకు వచ్చెను. చూచినచో ఎట్లుండెనని మరల అడుగుదురు గదా. "లేదమ్మా, ఒక్క చోటే ఉంది" అంటిని.

కొంతసేపు అటునుండి మాట లేదు. తెగిపోయెనేమో యని ఫోను చూచుకొంటిని.

"కోసేసి ఉంటారులే. అదే బాగా చేశాను" అనిరి. మరల తామే, "చీర వంకాయ రంగు అని చదివావు. వంకాయ కాదమ్మాయ్, నేరేడుపండు రంగు. అది దిద్దు" అనిరి.

దిద్దితిని.