మద్యనిషేధము - బీరు కార్ఖానాలు

అమెరికాలో 1920 జనవరి మొదలు 1933 డిసెంబరు వఱకు మద్యనిషేధము అమలునందుండెను. నూటికి 0.5 పాలు లోపు మద్యసారముగల పానీయములను మాత్రము శాసనము విడిచిపెట్టెను. బీరు కంపెనీలు ఆ సందు చూచుకొని బ్రతికినవి. బార్లీ మాల్టుతో యథాప్రకారము బీరు కాచి, అందలి సారమును తొలగించి విక్రయించినవి. ఆన్‌హైసర్-బుష్ వారి 'బీవో' అట్టి స్వల్పసార పానీయములలో నొకటి. డబ్బాలలో విక్రయింపబడిన మాల్టు పాకముతో జనులిండ్లలోనే బీరు కాచుకొనిరి. 1933 ఏప్రిలు 7వ తేదీన తేలిక బీరునకు అనుమతి లభింపగా, నాడే కార్ఖానాలనుండి సరకు బయలుదేఱెను.

వర్తకుల యీ యోపికను నిషేధవాదులు గుర్తింపవలెనని మా యభిప్రాయము. దూబగుంట స్త్రీల యుద్యమము పిమ్మట ఆంధ్రప్రదేశమున 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లోనే సడలింపబడెను. శాసనము దుకాణమును మూయగలదు, త్రాగుడలవాటును మాన్పజాలదు. ఆ పని గ్రామగ్రామమున ప్రచారకులు చేయనిచో, కాగులు కాచుకొనియే యుండును.