మట్టికి కార్డు.. కౌలుదారుకు మొండిచెయ్యి!

"రైతు యూరియా కుమ్మరించి నేలను చంపుతున్నాడు." ఈ మాట ఇప్పుడు ప్రతి వేదిక మీదా వినిపిస్తున్నది. మంత్రులు అంటారు, అధికారులు అంటారు, మడిలో ఒక్కనాడు కాలు పెట్టని మేధావులూ అంటారు. నేల చస్తున్న మాట నిజం. మరి చంపుతున్నది ఎవరు? దుక్కి దున్నేవాడా, వాడిచేత ఆ పని చేయిస్తున్న ఏలినవారా?

కోనసీమలోని ఐనవిల్లికే పోదాం. పరీక్షల ముందు పిల్లలకు పెన్నులు పంచే సిద్ధి వినాయకుడి గుడిగా ఆ ఊరు రాష్ట్రమంతా తెలుసు. ఆ గుడి చుట్టూ ఉన్నది గోదావరి వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే నేల. గట్టున కొబ్బరి, లంకల్లో కూరగాయలు. దేశంలో ఇంతకన్నా బలమైన మట్టి ఎక్కడుంటది? అట్లాంటి గడ్డ మీదనే 2011లో రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు పెట్టారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పదకొండేళ్లు గడిచినంక, 2022లో, అదే కోనసీమలో అదే పంట విరామం మాట మళ్లీ లేచింది. అన్నం పెట్టే నేలను రైతు సరదాకు ఎండబెట్టుకుంటాడా?

ముందు యూరియా సంగతి తేల్చుకుందాం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం తెచ్చింది. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను కంపెనీల చేతికి వదిలేసి, యూరియా ధరను మాత్రం తన చేతిలో పెట్టుకున్నది. ఫలితం ఏమిటి? 2025లో 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలు. చేతిలో పైసలు లేనోడు ఏది కొంటాడు? నత్రజని ఎక్కువై పైరు నల్లగా, మెత్తగా పెరుగుతది. దోమపోటు, అగ్గితెగులు తగులుకుంటయి. మళ్లీ పురుగుమందు, మళ్లీ అప్పు. ధర నిర్ణయించిందేమో ఢిల్లీ, దోషి మాత్రం ఐనవిల్లి రైతు! ఇదేం న్యాయం?

ఇక కార్డు కథ. 2015 ఫిబ్రవరి 19న ప్రధాని భూసార కార్డుల పథకం ప్రారంభించారు. పన్నెండు అంశాలు పరీక్షిస్తరు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఉప్పు శాతం, సేంద్రియ కర్బనం వగైరా. మంచిదే. కానీ నీటి పారుదల ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాలకు పైనే, ఒక్క మట్టి నమూనా చాలన్నారు. ఎకరం, రెండెకరాలు చేసుకునేవాడికి పక్కోడి మట్టి జబ్బు తన పేరు మీద రాసిస్తే ఏం లాభం? అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఆ పన్నెండు గడుల్లో ఈ చేను నీళ్లు బయటికి పోతున్నయా అని అడిగే గడి లేదు. ఈ చేను దున్నేది ఎవరు అని అడిగే గడి అసలే లేదు. కోనసీమ నేలకు ఉన్న రెండు పెద్ద జబ్బులు ఇవే!

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. నీళ్లు రావడానికి దారి దొరికింది. పోవడానికి దారి? మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క కమ్మేసి, సార్వా కోతకొచ్చే వేళకు తుపాను పడితే చేలు చెరువులైతయి. నెలల తరబడి నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఆడదు. జింకు ఉన్నా పైరుకు అందదు. సముద్రం వైపు మండలాల్లో పోటు వేళ ఉప్పునీరు డ్రెయిన్ల గుండా ఎగదన్నుతది. దానికి తోడు రొయ్యల చెరువులు. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లోనే తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం తెచ్చి పాలకులు దాన్ని పక్కకు నెట్టేశారు. పూడిక తీయనిది మీరు, చెరువులకు దారి ఇచ్చింది మీరు. పాఠాలు రైతుకా?

అసలు ముడి కౌలు దగ్గర ఉన్నది. మట్టిని బాగు చేసే విద్య ఇక్కడి రైతుకు కొత్తది కాదు. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నడం తాతల నాటి పని. బాగా పెరిగిన జీలుగ ఎకరం నేలకు ఒక యూరియా బస్తాకు తగ్గని నత్రజని ఇస్తది. కానీ విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు ఈ ఏడు పెట్టాలె. దాని పూర్తి ఫలం ఏళ్ల మీద వస్తది. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటదో ఉండదో తెలియని కౌలుదారు ఆ పని ఎట్లా చేస్తాడు? పంట మునిగినా తేలినా చెప్పిన బస్తాలు కొలవాల్సిన మనిషికి రేపటి మట్టి కన్నా ఈనాటి గింజే ముఖ్యం. అది వాడి అజ్ఞానం కాదు, వాడి మెడ మీది కాడి!

2011 నాటి భూఅధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు ఒక కార్డన్నా ఇచ్చింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం భూయజమాని సంతకం ఉంటేనే కార్డని, అదీ పదకొండు నెలలకేనని మెలిక పెట్టింది. సంతకం పెడితే భూమి పోతదని యజమాని భయం. ఆ భయం పోగొట్టాల్సింది సర్కారు. ఆ పని వదిలేసి కలం యజమానికే ఇచ్చి చేతులు దులుపుకున్నది. ఇది ఒక్క ఆంధ్ర పాలకుల పాపం కాదు. 2018లో తెలంగాణ రైతుబంధు పట్టాదారుకే పైసలిచ్చింది, కౌలుదారును పక్కన పెట్టింది. ప్రాంతమేదైనా దున్నేవాడి పేరు కాగితం మీదికి ఎక్కలేదు.

ప్రకృతి సేద్యం ఉన్నది గదా అంటారా? ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పక్కనే అంబాజీపేట పరిశోధనా కేంద్రం కొబ్బరి తెల్లదోమ మీదికి మేలు చేసే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇచ్చింది. గర్వించాల్సిందే. కానీ జీవామృతం పోసినా నేల మారడానికి కాలం కావాలె. ఆ కాలాన్ని కౌలుదారుకు ఎవరిస్తరు? బహుమతులతో డ్రెయిన్ల పూడిక తీరదు.

కాబట్టి ఉపన్యాసాలు చాలు. సార్వాకు ముందే మురుగు కాలువల పూడిక తీయాలె. యజమాని హక్కుకు భంగం లేకుండా, అతని సంతకంతో పని లేకుండా, కనీసం మూడేళ్ల సాగు గుర్తింపు కౌలుదారుకు ఇవ్వాలె. పచ్చిరొట్ట వేసినవాడికి యూరియా మీద పెట్టే సబ్సిడీలో వాటా నేరుగా అందాలె. లంక మట్టిని ఇటుక బట్టీలకు తరలించే లారీలను ఆపాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ కంచంలోని మెతుకు ఏ మట్టిలోంచి వచ్చిందో అడగండి. ఆ మట్టిని దున్నినవాడి పేరు ఏ దస్త్రంలో ఉందో అడగండి. పేరు లేనివాడి మీద నేరం మోపడం పాలకులకు సులువు. ఆ సులువును ఇక సాగనివ్వొద్దు!