ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ శిక్షణపై తీర్మానం

హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న కోచ్‌ల సర్వసభ్య సమావేశం డిఫెన్స్ శిక్షణ తీరుతెన్నులను చర్చించి ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

1. సమావేశం గుర్తిస్తున్నదేమనగా: డిఫెన్స్‌లో ఈ నగరానికి ఘనమైన వారసత్వం ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు బ్యాక్ అజీజుద్దీన్, హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టు సభ్యులు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ ఈ నగరానికే చెందిన డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్.

2. సమావేశం గుర్తిస్తున్నదేమనగా: 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన భారత జట్టు, మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే ప్రత్యర్థిపై ముందుగా గోల్ చేసి, చివరకు 4-1తో ఓడింది. రెండుసార్లూ కోచ్ రహీమే. ఈ నాలుగేళ్లలో ఆటగాళ్లు బూట్లు తొడగడం ఒక్కటే ఈ మార్పుకు కారణం కాదని, క్రమం తప్పని శిక్షణ కూడా కారణమని సమావేశం అభిప్రాయం.

3. సమావేశం గుర్తిస్తున్నదేమనగా: 2019లో నియమం మారిన నాటి నుంచి గోల్ కిక్ పెనాల్టీ ఏరియా దాటనవసరం లేదు, డిఫెండర్ ఏరియా లోపలే బంతి అందుకోవచ్చు. కనుక బంతిని దూరంగా తన్నడంతో డిఫెండర్ పని ముగియదు. అతని పాస్‌తోనే జట్టు దాడి మొదలవుతుంది.

4. సమావేశం విచారం వ్యక్తం చేస్తున్నదేమనగా: పరుగులో వెనకబడిన పిల్లలను, వయసుకు మించి ఎదిగిన పిల్లలను బ్యాక్‌లుగా నిలబెట్టి, ఇక వారికి నేర్పవలసింది లేదన్నట్లు వదిలేసే అలవాటు కొనసాగుతోంది. శిక్షణ సమయంలో అధిక భాగం షూటింగ్‌కు, డ్రిబ్లింగ్‌కు పోతోంది. ప్రత్యర్థిని పడగొట్టిన ట్యాకిల్‌కు చప్పట్లు పడుతున్నాయి. పడగొట్టకుండా దారి మూసిన ఆట ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

5. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: 12 ఏళ్ల లోపు పిల్లలెవరికీ శాశ్వత స్థానం కేటాయించరాదు. ప్రతి ఒక్కరూ వంతులవారీగా గోల్‌కీపర్‌గా, బ్యాక్‌గా, ఫార్వర్డ్‌గా ఆడాలి.

6. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: ప్రతి శిక్షణలో మూడో వంతు సమయాన్ని డిఫెన్స్‌కు కేటాయించాలి. పాఠాల వరుస ఇలా ఉండాలి:

(అ) ఒకరికొకరు: పక్కకు తిరిగి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడడం, దూసుకొచ్చే ఆటగాడి భుజాలను కాక బంతిని చూడడం, అతణ్ని టచ్‌లైన్ వైపు నెట్టుకుపోవడం, బంతి అతని పాదానికి దూరమైన క్షణంలోనే కాలు పెట్టడం.

(ఆ) ఇద్దరికిద్దరు: ఒకరు బంతి మీదికి వెళ్తే రెండోవారు వెనక కవర్‌గా నిలవడం, మొదటివారు ఓడిన వెంటనే స్థానాలు మార్చుకోవడం.

(ఇ) నలుగురికి నలుగురు: బంతి ఎటు కదిలితే నలుగురూ అటు కలిసి జరగడం, కలిసి ముందుకు రావడం, కలిసి వెనక్కి తగ్గడం, గోల్‌కీపర్, స్టాపర్ గొంతు విప్పి తోటివారికి చెప్పడం.

ఒక మెట్టు పట్టుబడనిదే తర్వాతి మెట్టుకు వెళ్లరాదు.

7. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: బంతిని క్లియర్ చేయడం, పాస్ ఇవ్వడం రెండు పాదాలతోనూ నేర్పాలి. అలవాటు లేని పాదంతో మాత్రమే ఆడే పోటీలను రహీం ఈ నగరంలోనే నిర్వహించారు. ఆ పద్ధతిని ప్రతి శిక్షణ కేంద్రం నెలకొకసారి అమలు చేయాలి.

8. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: 12 ఏళ్లు నిండని పిల్లలకు హెడింగ్ అభ్యాసం చేయించరాదు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘాలు 2020లోనే ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుంచి హెడింగ్‌ను తప్పించాయి. 12 ఏళ్లు దాటాక తేలికపాటి బంతితో మొదలుపెట్టి, ఎగిరే సమయాన్ని ముందు నేర్పి, బలంగా కొట్టడాన్ని తర్వాత నేర్పాలి.

9. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: మొరం నేలపైన, గట్టిపడిన మట్టి మైదానాల్లోను స్లయిడింగ్ ట్యాకిల్ నేర్పరాదు, ఆడనివ్వరాదు. అక్కడ నిలబడి చేసే ట్యాకిల్, అడ్డు నిలిచి ఆపడం మాత్రమే నేర్పాలి. స్లయిడింగ్‌ను పచ్చిక ఉన్న మైదానంలో, 14 ఏళ్లు దాటినవారికే పరిమితం చేయాలి.

10. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: గాయాల నివారణకు ఫిఫా రూపొందించిన ‘11 ప్లస్’ వార్మప్‌ను వారానికి కనీసం రెండుసార్లు చేయించాలి. ఇందులోని 15 వ్యాయామాలకు సుమారు 20 నిమిషాలు చాలు. బంతి తప్ప వేరే పరికరం అక్కర్లేదు. సమయం లేదన్న కారణం ఇకపై అంగీకారయోగ్యం కాదు.

11. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: ప్రతి మ్యాచ్ తర్వాత గోల్స్‌తో పాటు, ఫౌల్ లేకుండా బంతి గెలిచిన సందర్భాలు, పెనాల్టీ ఏరియాలో చేసిన ఫౌల్స్, గెలిచిన బంతి తోటి ఆటగాడికి చేరిందా లేదా అన్నది నమోదు చేయాలి. టోర్నమెంట్లలో ఉత్తమ డిఫెండర్‌ను ఈ నమోదును బట్టే ఎంపిక చేయాలి.

12. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా: పై నిర్ణయాలన్నీ బాలికల జట్లకూ యథాతథంగా వర్తిస్తాయి. బాలికల శిక్షణ సమయాన్ని తగ్గించి బాలుర జట్లకు మైదానం ఇవ్వరాదు.

13. సమావేశం కోరుతున్నదేమనగా: మైదానాల నిర్వాహకులు శిక్షణకు ముందు నేలను నీళ్లతో తడిపించాలి, పెనాల్టీ ఏరియా గీతలు చెరిగిపోకుండా చూడాలి. ఆ గీతలు కనిపించని చోట తానెక్కడ నిలిచాడో డిఫెండర్‌కు తెలియదు.

14. సమావేశం ఆదేశిస్తున్నదేమనగా: ఈ తీర్మానం ప్రతులను శిక్షణ కేంద్రాలకు, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులకు పంపాలి. అమలుపై నివేదికను వచ్చే సర్వసభ్య సమావేశం ముందుంచాలి.

9వ అంశం మెజారిటీతోను, మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగాను ఆమోదం పొందాయి.